డెలివరీ తర్వాత జుట్టు ఊడుతోంది, కలోంజీ నూనె వాడొచ్చా? నా అనుభవం ఇది

మీరు రెండు విషయాలు అడిగారు. డెలివరీ అయి నాలుగు నెలలైంది, దువ్వితే చేతి నిండా జుట్టు వస్తోంది, కలోంజీ (కొందరు నల్ల జీలకర్ర అనే చిన్న నల్ల గింజ) నూనె రాయొచ్చా అని ఒకటి. అదే నూనె బుగ్గల మీద మంగు మచ్చలకి కూడా పనిచేస్తుందా అని ఇంకొకటి. తలకి రాయండి, కొబ్బరి నూనెలో కలిపి. ముఖానికి మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మా చెల్లి పెళ్లినాటి సంగతి చెప్పాలి.

అంతకంటే ముందు, నాకు ఈ నూనె అలవాటు చేసింది మెహదీపట్నంలో మేం అద్దెకున్న ఇంటి ఓనర్ ఆంటీ. మా బాబు పుట్టాక నాకూ మీలాగే ఊడింది, బాత్రూం జాలీలో రోజూ ఒక ఉండ తీసేదాన్ని. ఆవిడ చూసి పైకి వచ్చి, స్టీలు గిన్నెలో పది చెంచాల కొబ్బరి నూనెకి ఒక్క చెంచా కలోంజీ నూనె వేసి తనే మాడుకి పట్టించింది. "రోజూ కాదు బేటీ, వారానికి రెండుసార్లు. గంట ఉంచి కడిగెయ్. ఇది నూనె కాదు, దవా" అంది. వాళ్లింట్లో పచ్చళ్లలో, రొట్టెల మీద కలోంజీ గింజలు ఎప్పుడూ ఉంటాయి, చావుకి తప్ప అన్నిటికీ మందని ప్రవక్త చెప్పారని ఆవిడ నమ్మకం. అంత నమ్మే మనిషే చెంచా కొలిచి వాడుతుంది. వీడియోలు చూసి మనవాళ్లు సీసా ఒంపేసుకుంటున్నారు.

నా జుట్టు ఆ నూనె వల్లే తిరిగొచ్చిందని మాత్రం అనను. కడుపుతో ఉన్నప్పుడు ఊడాల్సిన జుట్టు హార్మోన్ల వల్ల ఊడకుండా ఆగిపోతుంది, కాన్పయ్యాక రెండు మూడు నెలలకి అదంతా ఒక్కసారిగా రాలుతుంది, బిడ్డకి ఏడాది వచ్చేసరికి చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. నాకూ అలాగే సర్దుకుంది. ఈ మధ్యలో ఏ నూనె రాస్తే ఆ నూనెకి పేరొస్తుంది. కలోంజీ నాకు చేసిన మేలు వేరే. మాడు దురద పోయింది, గోకితే గోళ్లలోకొచ్చే పొట్టు తగ్గింది, అది నేను ఒట్టేసి చెప్తాను. కానీ రాత్రంతా ఉంచకండి. చుండ్రు పెంచే ఫంగస్ తలలోని జిడ్డు మీదే బతుకుతుంది, నూనె నానబెట్టి పడుకుంటే దానికి అన్నం పెట్టినట్టే.

ఇక చెల్లి సంగతి. మిర్యాలగూడలో పెళ్లి, రెండు రోజుల ముందు పెళ్లికూతుర్ని చేయాలి. నా బ్యాగులో ఆ నూనె సీసా ఉంది. ముఖం మెరుస్తుందని ఏదో వీడియోలో విందట, నన్ను అడగలేదు, పడుకునే ముందు చిక్కటి నూనె అలాగే ముఖమంతా, కనురెప్పల దాకా పట్టించి పడుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి నన్ను లేపింది. లైటు వేసి చూస్తే నా గుండె ఆగినంత పనైంది. బుగ్గలు ఎర్రగా కమిలిపోయి, రెప్పలు వాచి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి, గడ్డం కింద సన్నటి నీటి పొక్కులు. మంట, మంట అని తప్ప ఇంకో మాట రావట్లేదు దానికి. అమ్మ దిష్టి అని ఉప్పు మిరపకాయలు తెచ్చింది. మేనత్త చల్లబడుతుందని పసుపు పెట్టబోయింది, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆరింటికల్లా నాన్న బండి మీద తెలిసిన డాక్టరు ఇంటికి తీసుకెళ్లారు.

ఆయన చూడగానే నూనె పడలేదు, కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే రాసినది పడక చర్మం మండి వాచిపోవడం అన్నారు. ఆ తర్వాత "ఇంకేం రాస్తున్నావమ్మా ముఖానికి?" అని అడిగారు. అది నా వైపు చూసింది, చెప్పలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, పెళ్లి కుదిరినప్పటి నుంచీ, అంటే మూడు నెలలుగా, మందుల షాపులో ఇచ్చిన ఒక తెల్లబడే క్రీము రోజూ రాస్తోందట. ట్యూబు తెప్పించి చూస్తే అందులో మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పై పొర రాల్చే ట్రెటినాయిన్ మూడూ ఉన్నాయి. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినది, అదీ కొద్ది వారాలకే రాసిచ్చేది. అప్పటికే చర్మం పలచబడిపోయి ఉంది, దాని మీద ఇంత ఘాటు నూనె.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. దాని రంగుకి ఏమైందని? సంబంధం చూడటానికి వచ్చినావిడ "పిల్ల బాగుంది, కాస్త ఛాయ తక్కువ" అని కాఫీ తాగుతూ అనేసి వెళ్లింది. ఆ ఒక్క మాటకి అది మూడు నెలలు ముఖం కాల్చుకుంది. ఆ షాపు అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నెలకో ట్యూబు ఇచ్చాడు. ఆ రోజు పసుపు లేకుండా ఉత్త శనగపిండి చేతులకీ కాళ్లకీ రాసి నలుగు అయిందనిపించాం. చెల్లి తలుపేసుకుని కూర్చుంటే, బయట మగపెళ్లివాళ్ల తరఫు బంధువు ఒకావిడ "చర్మరోగం ఏమైనా ఉందా" అని మా అమ్మనే అడిగింది. పెళ్లినాటికి పొక్కులు తగ్గాయి కానీ ఆల్బంలో తలంబ్రాల ఫోటోల్లో ఇప్పటికీ దాని రెప్పల వాపు కనిపిస్తుంది. అది ఆ పేజీ తిప్పేస్తుంది.

అందుకే మంగు మచ్చలకి ఈ నూనె వద్దంటున్నాను. చర్మం మండితే దాని తర్వాత మచ్చ ఇంకా ముదురుతుంది, మన రంగు చర్మానికి అది మరీ ఎక్కువ. చేతుల ఎగ్జిమాకి స్టెరాయిడ్ క్రీముతో సమానంగా కలోంజీ పనిచేసిందని 2013లో ఇరాన్‌వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది, దాన్నే అందరూ చూపిస్తారు. అది లేపనంగా తయారుచేసి చేతులకి వాడింది, సీసాలోంచి తీసి ముఖానికి పూసింది కాదు.

కొనేటప్పుడు పేరుతో జాగ్రత్త. నల్ల జీలకర్ర అని అడిగితే మన కిరాణా కొట్లో సగం మంది బిర్యానీలో వేసే షాజీరా ఇస్తారు, కొన్ని ప్యాకెట్ల మీద ఉల్లి విత్తనాలని ఉంటుంది. కలోంజీ ఉల్లీ కాదు, జీలకర్రా కాదు. కలోంజీ అనే అడగండి, మూడు మూలలున్న చిన్న నల్ల గింజ, నలిపితే వాము, మిరియాలు కలిపినట్టు ఘాటు వస్తుంది. ఇంకో లెక్క చూడండి. గానుగాడిస్తే కిలో గింజలకి పావు లీటరు, మహా అయితే ఇంకాస్త ఎక్కువ నూనె వస్తుంది. నేను కొన్నప్పుడు కిలో గింజలు నాలుగు వందల దాకా ఉన్నాయి, అంటే లీటరు నూనెకి గింజలకే పదహారు వందలు. లీటరు ఐదారు వందలకి అమ్మేవాడు అందులో ఏం కలిపాడో మీరే ఊహించుకోండి. ముదురు రంగు గాజు సీసాలో చిన్నది తీసుకోండి, వెలుతురుకీ వేడికీ తొందరగా పాడై కమురు వాసనొస్తుంది.

మీరు మొదలుపెట్టే ముందు, ఆంటీ కొలత ప్రకారం కలిపిన నూనెనే మోచేతి మడతలో చుక్క రాసి రెండు రోజులు చూడండి. దురదొచ్చినా ఎర్రబడినా ఇక ముట్టుకోవద్దు. మంగుకి ప్రస్తుతం పొద్దునపూట సన్‌స్క్రీన్ చాలు, పాలిస్తున్నారు కాబట్టి వేరే క్రీము ఏదైనా చర్మ డాక్టర్ని అడిగే వాడండి. బిడ్డకి ఏడాది దాటినా జుట్టు ఊడుతుంటే ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. నూనె రాసిన రోజు తలంటుకున్నాకే బిడ్డని ఎత్తుకోండి, మా బాబు ఆ వాసనకి పాలు తాగకుండా మొహం తిప్పేసుకునేవాడు.