బెంగళూరు చుట్టూ ఇన్ని ద్రాక్షతోటలున్నా, సొంతంగా వైన్ చేసి అమ్మే కుటుంబాలు ఎందుకు తక్కువ?

ఇంగ్లండ్‌లో ఒకే కుటుంబం తరతరాలుగా ఆపిల్ తోట పెంచి, అక్కడే సైడర్ (ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం) చేసి అమ్ముకుంటుంటే, బెంగళూరు చుట్టుపక్కల అలాంటివి ఎందుకు కనపడవు, ఇక్కడి నేల పనికిరాదా అని అడిగారు. నేలకేం లోటు లేదండీ. మా జేజినాయన దొడ్డబళ్లాపురం వైపు ద్రాక్షతోట పెట్టినవాడు. నేను పెరిగింది ఆ పందిరి కిందే. తోట ఉండేది, పండు ఉండేది. ఆ పండును పులియబెట్టి అమ్ముకునే వీలు మాత్రం తోటవాడికి ఉండేది కాదు. నాకు తెలిసినంతలో అసలు తేడా అదే.

ముందు ఆపిల్ సంగతి తేల్చేద్దాం. ఆపిల్ చెట్టుకు చలికాలంలో కొన్ని వందల గంటలు గట్టి చలి తగలాలి, లేకపోతే సరిగ్గా పూయదు. బెంగళూరు చలి స్వెటర్ వేసుకోవడానికి సరిపోతుంది గానీ ఆపిల్‌కు చాలదు. తక్కువ చలికే కాసే ‘అన్నా’, ‘హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99’ లాంటి ఆపిల్ రకాలున్నాయి, పెరట్లో సరదాకి పెట్టుకోండి. పైగా ఇంగ్లండ్‌లో సైడర్‌కు పేరున్న కాయలు మనం బజార్లో కొనే రకం కావు. డాబినెట్, కింగ్‌స్టన్ బ్లాక్ లాంటివి వగరు కాయలు, తినడానికి ఎవరూ కొనరు. అలాంటి కాయకు ఇక్కడ సాటి అంటే బెంగళూరు బ్లూ ద్రాక్షే. మందపాటి తొక్క, గింజలు, పులుపు, ఆమడ దూరం నుంచి పట్టేసే వాసన. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్లాపురం, కోలారు వైపు నూరేళ్లకు పైగా పండిస్తున్నారు, 2013లో ఈ ప్రాంతపు పంటగా జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. మన హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష నుంచి వచ్చిన దిల్‌ఖుష్ రకం తినే పండుగా మంచి ధర పలికేది. బ్లూ మాత్రం జ్యూస్‌కీ, తీపి పోర్ట్ వైన్‌కీ పోయేది.

ఈ తోట పని బయటివాళ్లు అనుకున్నంత అందంగా ఉండదు. కటింగ్ అయ్యాక చిగురు వచ్చే రోజుల్లో మబ్బు పట్టిందంటే బూజు తెగులు వస్తుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. దానికి మందు మేమే కలుపుకునేవాళ్లం. మైలతుత్తం ఒక డ్రమ్ములో, సున్నం ఇంకో డ్రమ్ములో కలిపి, రెండూ ఒకచోట పోసి బోర్డో మిశ్రమం చేసేవాళ్లు. వంద లీటర్లకు కిలో తుత్తం, కిలో సున్నం. కొట్టే ముందు జేజినాయన కొడవలి మొన అందులో ముంచి కాసేపు పట్టుకునేవాడు. మొన మీద ఎర్రగా రాగి పేరుకుంటే సున్నం చాలలేదని లెక్క. ఇంకో దోసెడు వేయించేవాడు, లేకపోతే ఆకు మాడిపోతుంది. మొక్కలకు ఆ మందు పనిచేస్తుందని 1880లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో కనిపెట్టారట. జేజినాయనకు అదంతా తెలీదు, కొడవలి చాలు.

ఇంత చేసి పండిస్తే ధర చెప్పేది కొనేవాడు. వైన్ కంపెనీ మనిషి వచ్చి, ఒక పండు పిండి, తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద చుక్క వేసి, వెలుతురుకేసి పట్టి చూసి, ‘తీపి చాలదు పెద్దాయనా’ అనేవాడు. ఆ ఒక్క మాటతో కిలో ధర దిగిపోయేది. పండిన ద్రాక్షను ఎన్నాళ్లు పెట్టుకుంటాం? లారీ ఎక్కించాల్సిందే. ఒక ఏడాదైతే ఆ డబ్బు మళ్లీ కటింగ్ అయ్యాక గానీ చేతికి రాలేదు.

అదే ఇంగ్లండ్‌లో సైడర్‌కు పేరున్న సోమర్సెట్ ప్రాంతంలో చూడండి. శాండ్‌ఫర్డ్ ఊళ్లో విలియం థాచర్ 1904లో తన పొలంలో సైడర్ మొదలుపెట్టాడు. ఆ థాచర్స్ కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబానిదే. అక్కడి పొలాల్లో కూలిలో కొంత సైడర్‌గా ఇవ్వడం పాత వాడుక, 1887లో చట్టం వద్దన్నా ఆ అలవాటు ఒక్కరోజులో పోలేదు. అంటే పండు పండించినవాడి పెరట్లోనే పీపాలూ ఉండేవి. ఇప్పటికీ ఏడాదికి 7,000 లీటర్ల లోపు సైడర్ చేసే చిన్న రైతుకు అక్కడ సైడర్ మీద వేసే పన్ను నుంచి మినహాయింపు ఉంది. ఇక్కడ? కర్ణాటక ఎక్సైజ్ చట్టం 1965లో వచ్చింది. మన తోట, మన పండే అయినా లైసెన్సు లేకుండా వైన్ చేసి అమ్మితే కేసే. 2007లో ప్రభుత్వం వైన్ విధానం తెచ్చి, బోర్డు పెట్టి దారి కొంత సులువు చేసిన మాట నిజం. అప్పటికి నిలదొక్కుకున్నది బయటి పెట్టుబడితో వచ్చినవాళ్లు. గ్రోవర్ కుటుంబం 1988లో మా దొడ్డబళ్లాపురం దగ్గరే ఫ్రెంచి రకాలు నాటింది. అదీ కుటుంబ వ్యాపారమే, కాదనను. కానీ అది ముంబయి వ్యాపార కుటుంబం, ఫ్రాన్స్ నుంచి నిపుణుల్ని పిలిపించుకోగలిగింది. 2012లో వాళ్లూ ఇంకో కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయ్యారు.

ఇక అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకాలు. చేనైతే మధ్యలో గట్టు వేసి పంచుకోవచ్చు. పందిరిని ఎట్లా పంచుతారు? పందిరి ఇనుప వైర్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బిగువు మీద ఉంటాయి, అంచున రాతి కూసాలు బయటికి వాలి ఆ లాగుడంతా మోస్తాయి. మా పెద్దనాయన తన వాటా దాకా వైర్లు కోయించాడు. మిగతా పందిరి ఆ వానాకాలమే కుంగింది, మళ్లీ అంచు కూసాలు నాటించేసరికి మా నాయనకు అప్పయింది. ఆలోపు 2008లో దేవనహళ్లిలో విమానాశ్రయం తెరిచారు. అప్పు చేసి కూసాలు నాటేవాడి దగ్గరికి రోజూ ఒక బ్రోకరు వస్తుంటే ఎన్నాళ్లు ఆగుతాడు చెప్పండి. మా తోట సగం పైగా ఇళ్ల సైట్లయింది. ఆ మాటకొస్తే ఇంగ్లండ్‌లోనూ అన్నీ నిలవలేదు. 1728 నుంచి షెవాలియే కుటుంబం చేతిలో ఉన్న ఆస్పాల్ అనే సైడర్ కంపెనీని 2018లో మోల్సన్ కూర్స్ అనే పెద్ద బీరు కంపెనీ కొనేసింది.

మిగిలిన ముక్కలో మా చిన్నాయన కొడుకు బ్లూ ద్రాక్షే పెంచి, జ్యూస్ చేసి ఎలహంక అపార్ట్‌మెంట్లలో అమ్ముతున్నాడు. దానికి ఫుడ్ లైసెన్సు చాలు, ఎక్సైజ్ గొడవ లేదు. కాకపోతే ద్రాక్ష తొక్క మీదే ఈస్ట్ ఉంటుంది, పిండిన రసాన్ని వదిలేస్తే దానంతటదే పులిసిపోతుంది. అందుకే 80 డిగ్రీల దాకా కాచి వేడిగానే సీసాలకెత్తుతాడు. వాడి ఖర్చులో గ్యాసుదే పెద్ద పద్దు. మీరు మొదలుపెట్టేట్టయితే లైసెన్సుల కన్నా ముందు ఆ గ్యాసు లెక్క వేసుకోండి, కావాలంటే వాణ్ణి అడిగి చెప్తాను.