పిల్లల కథలూ పాటలూ పెద్దవారికి ఏమిస్తాయి?

ఇంట్లో చిన్నపిల్లలు లేకపోయినా పెద్దవారు బాలల పుస్తకాలు చదవడం వల్ల ప్రయోజనం ఉంటుందా అని మీరు అడిగారు. ఉంటుందనే నా అనుభవం. చదివేటప్పుడు మధ్యలో మాటలు దాటేసే అలవాటు పెద్దయ్యాక మనకు అబ్బుతుంది, దాన్ని అవి మాన్పిస్తాయి.

నేను వృత్తిరీత్యా అనువాదకుణ్ణి. రోజంతా ఒప్పందాలూ నివేదికలూ చదువుతూ, కావలసిన మాట దొరకగానే మిగిలిన వాక్యాన్ని వదిలేయడానికి అలవాటుపడ్డాను. ఒక రాత్రి మా ఐదేళ్ల అబ్బాయికి ఏడు చేపల కథ చెబుతూ, అలసటలో గడ్డిమోపు దగ్గరి నుంచి నేరుగా పాలేరు దగ్గరికి వెళ్లిపోయాను. "ఆవు ఏది నాన్నా?" అంటూ వాడు లేచి కూర్చున్నాడు. వాడు అడిగింది న్యాయమే. పాలేరు మేపలేదు కాబట్టి ఆవు మేయలేదు, ఆవు మేయలేదు కాబట్టి మోపు మిగిలిపోయి చేపకు ఎండ తగలలేదు. ఒక్క మెట్టు తీసేస్తే చీమ దాకా చేరుకోలేము. మేయడం, మేపడం అన్న రెండు మాటల్లో చేసేవారికీ చేయించేవారికీ ఉన్న తేడా ఎంత పొదుపుగా ఇమిడిందో ఆ రాత్రి కథను మళ్లీ మొదటి నుంచి చెబుతున్నప్పుడే గమనించాను. కథలో ప్రతి ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఉంది, ఎవరికీ శిక్ష లేదు. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న చీమ ప్రశ్న దగ్గర కథ ఆగిపోతుంది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన 'చందమామ' పాత సంచికలు దొరికితే తప్పక చదవండి. పెద్దల కోసం పదునైన కథలూ నవలలూ రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దారు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి తొలి వాక్యాల్లోనే తేల్చేసే ఆ వచనం చదివాకే నా అనువాదాలను పైకి చదివి సరిచూసుకోవడం మొదలుపెట్టాను.

పాటల విషయంలో నా అజ్ఞానం ఇంకా పెద్దది. "చందమామ రావే" పాడుతుంటే, గోగుపూలు ఎలా ఉంటాయని అబ్బాయి అడిగాడు. గోగు అంటే గోంగూర మొక్కే. వారం వారం గోంగూర పచ్చడి తింటూ కూడా నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే బజారుకు వచ్చే కట్టలు పూత రాకముందే కోసినవి. కుండీలో నాలుగు మొక్కలు కోయకుండా వదిలేశాం. లేతపసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు. ఉదయం విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి వాడిపోయింది. చందమామను కొండెక్కి తెమ్మని అడిగేది వీటినేనని వాడికి చూపిస్తూ, నేనూ మొదటిసారి చూశాను.