ఇంటి ఆంబోతుకే దాని పెయ్యల్ని దాటించవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా ముగ్గురు అన్నదమ్ములకూ కలిపి నలభై ఒంగోలు ఆవులున్నాయి. అన్నిటికీ ఇంట్లో పుట్టిన ఆంబోతు ఒక్కటే. దాని పెయ్యలు ఇప్పుడు ఎదకొస్తున్నాయి. వాటినీ దానికే దాటిస్తే జాతి చెడకుండా ఉంటుందని మా నాన్న అంటారు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే మన ఒంగోలు సంతతి కోట్లలో ఉందట కదా, అక్కడ లేని నష్టం మనకేంటండి?
— ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: వద్దు బాబూ, దాటించకండి. మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఆంబోతు ఒడ్డూపొడుగూ, మూపురం సంతానంలో నిలబడతాయి. వాటితోపాటే లోపల దాగిన చెడు కూడా నిలబడుతుంది. తండ్రికి కూతుర్ని దాటించడమంటే మేనమామ, మేనకోడలి పెళ్లికి రెట్టింపు దగ్గరితనం. ఆంబోతు పైకి కనబడకుండా ఒక చెడు జన్యువును మోస్తోందనుకోండి. పెయ్యల్లో సుమారు సగానికి అది దిగుతుంది. వాటిని మళ్లీ తండ్రికే కలిపితే సగటున ఎనిమిది దూడల్లో ఒకదానికి జబ్బు బయటపడుతుంది.

సర్వీసులో ఉండగా, చోడవరం వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఇది నా కళ్లారా చూశాను. తొమ్మిదేళ్లు ఒకటే ఆంబోతు, రామాలయం దగ్గరే ఉండేది, వచ్చేపోయేవాళ్లు బెల్లం పెట్టేవారు. నేనూ దాని మెడ నిమిరి వచ్చేవాణ్ని. చివరి ఏడాది కింది దవడ పొట్టిగా మూడు దూడలు పుట్టాయి. చన్ను పట్టలేకపోయాయి. సీసాతో పాలు పట్టినా రెండు బతకలేదు. ఆంబోతును మార్చమని ముందే చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక బ్రెజిల్ సంగతి. తలలు కోట్లున్నా, తండ్రులు ఎందరన్నదే అసలు లెక్క. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతోనే పిలిచే ఆంబోతు 1960ల మొదట్లో అక్కడికి వెళ్లింది. మన ఒంగోలు సంతతిని అక్కడ నెలోర్ అంటారు, ఆ నెలోర్ వంశావళుల్లో దాని పేరు, దానితో వెళ్లిన కొద్దిపాటి ఆంబోతుల పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అమెరికాలో 2008లో ఆంగస్ అనే మాంసపు జాతి దూడలు కాళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంకరై చచ్చి పుట్టాయి. మూలం వెతికితే, వీర్యం ఊరూరా వాడిన ఒక పేరున్న ఆంబోతు దగ్గర తేలింది. మీ నలభై ఆవులకు ఒక్క ఆంబోతే అయితే, వైవిధ్యం లెక్కలో అది నాలుగు పశువుల మందతో సమానం. నాలుగు ఆంబోతులుంటే పద్నాలుగు దాటుతుంది.

అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలోని మైల్స్ సిటీలో 1934లో ఒకే తండ్రికి పుట్టిన రెండు ఆంబోతులతో మొదలైన హెర్‌ఫర్డ్ జాతి మంద బయటి పశువు కలవకుండానే నడిచింది. 2009లో వెలువడిన ఆవు జన్యుపటానికి ఆధారమైన డామినెట్ అనే ఆవు ఆ మందదే. మీ నాన్నగారు ఇది వింటే చూశావా అంటారు. కానీ అక్కడ ప్రతి దూడ తల్లీ తండ్రీ, బరువూ రాసిపెట్టి, దగ్గరి చుట్టరికం ఎంతుందో చూసి మరీ జతలు కలిపారు. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉందా?

ఈ వారమే ఒక నోటుపుస్తకం పెట్టండి. పెయ్యల్ని ఆంబోతు నుంచి వేరుగా కట్టండి. మీ ఆంబోతును అమ్మక్కర్లేదు. చుట్టరికం లేని మందవాళ్లతో మార్చుకోండి, వాళ్ల ఆంబోతును తెచ్చుకునే ముందు దాని తల్లి ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి. ఇప్పుడు ఎదకొచ్చిన పెయ్యలకు కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తే, వీర్యం గొట్టం మీద ఆంబోతు నంబరు అచ్చువేసి ఉంటుంది. గొట్టం పారేసేలోపు ఆ నంబరు పుస్తకంలోకి ఎక్కించండి.