అడ్డపొగ తాగే అమ్మమ్మ గారి అంగిట్లో తెల్ల మచ్చ

మీ అమ్మమ్మ గారి అంగిట్లో తెల్ల మచ్చ కనిపించిందని, నొప్పి లేదు కదా, ఆగి చూడొచ్చా అని అడిగారు. దయచేసి ఆగకండి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, అందుకే ఆలస్యమవుతుంది.

అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, శ్రీకాకుళం, విశాఖ వైపు పాత అలవాటే. ఆ వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. మామూలుగా నోటి క్యాన్సర్ అంగిట్లో తక్కువ, అడ్డపొగ తాగేవాళ్లలో మాత్రం అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రతి తెల్ల మచ్చా క్యాన్సర్ కాదు. కానీ అందులో ఎర్రగా మారిన చోటు, గట్టిపడిన అంచు, రెండు వారాలు దాటినా మానని పుండు, మెడలో గడ్డ ఉంటే ఇంకా తొందరపడాలి. పెద్దావిడ కట్టుడు పళ్లు పెట్టుకుంటే అవి తీయించి, టార్చ్ వేసి చూడండి.

"ముక్క తీస్తే పాకుతుంది" అన్న మీ మావయ్య గారి భయం చాలా ఇళ్లలో ఉంది. బయాప్సీ, అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడం వల్ల నోటి క్యాన్సర్ పాకదు. అది చేయకుండా మచ్చ ఏమిటో తేల్చలేరు. ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో దంత లేదా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. అవసరమైతే విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్లండి, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో అక్కడే అడగొచ్చు.

క్యాన్సరే అని తేలినా, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తోనే నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. చుట్ట మాత్రం ఈరోజే మాన్పించండి, కోప్పడకుండా.