కీష్ పక్కన ఏం పెట్టాలి? చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. శనివారం రాత్రి భోజనానికి ఆరుగురు వస్తున్నారు, కీష్ (గుడ్లూ క్రీమూ పోసి ఓవెన్‌లో కాల్చే ఆ ఫ్రెంచ్ వంటకం) చేయడం బాగానే వచ్చేసింది, దాని పక్కన ఏం పెట్టాలో తోచక టెన్షన్‌గా ఉంది అన్నావు. నువ్వు రాసుకున్న లిస్టు కూడా చూశాను. చీజ్ వేసిన బంగాళదుంప బేక్, గార్లిక్ బ్రెడ్, క్రీమ్ పోసిన పుట్టగొడుగుల సూప్, మయొనైజ్ కలిపిన మాకరోనీ సలాడ్. విడిగా చూస్తే దేనికీ వంక పెట్టను. కీష్ పక్కన మాత్రం నాలుగూ వద్దు.

కీష్‌లో ఏమేం పడుతున్నాయో ఒకసారి గుర్తు చేసుకో. తొమ్మిది అంగుళాల పళ్లేనికి మూడు నాలుగు గుడ్లు, ఒకటిన్నర కప్పుల దాకా పాలూ క్రీమూ, పైన చీజ్, కింద క్రస్ట్‌లో, అంటే అడుగున ఉండే పిండి పొరలో, మైదా, బోలెడు వెన్న. మొదటి ముక్క హాయిగా దిగిపోతుంది. రెండో ముక్క సగానికొచ్చేసరికి మొహం మొత్తుతుంది. ఆ సమయంలో చేతికి అందేది మళ్లీ క్రీమో, చీజో, బ్రెడ్డో అయితే తినేవాళ్లు ఫోర్క్ పక్కన పెట్టేస్తారు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరు? కీష్‌ని పల్లకీలో కూర్చోబెట్టు, మిగతావి మోయనీ. అంటే పక్కన పెట్టేవాటిలో పులుపుండాలి, పంటి కింద కరకరలాడాలి, కాస్త పచ్చి వాసన ఉండాలి. వంటకాల పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ లెక్క గుర్తుంటే చాలు.

అందుకే ఫ్రాన్స్‌లో కీష్‌కి మామూలు జోడీ వట్టి ఆకుల సలాడ్. లెట్యూస్, మీద వెనిగర్, నూనె, అంతే. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గానీ ఆ రాత్రి నీ భోజనాన్ని నిలబెట్టేది అదే, కాబట్టి దీని మీద కాస్త శ్రద్ధ పెట్టు.

ఆకులు కడిగాక బాగా ఆరాలి. తడి ఆకుకి నూనె పట్టదు, కలిపిన డ్రెస్సింగ్ అంతా జారి గిన్నె అడుగుకి చేరుతుంది, పైనున్న ఆకులు చప్పగా మిగులుతాయి. మధ్యాహ్నమే కడిగి, నీళ్లు విదిలించి, శుభ్రమైన పొడిగుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్. సాయంత్రానికి ఆకు పొడిగా, బిర్రుగా ఉంటుంది. డ్రెస్సింగ్ మూతున్న సీసాలో చెయ్యి. ముందు వెనిగర్, ఉప్పు వేసి కలుపు. ఉప్పు నూనెలో కరగదు, అందుకే ఈ వరస. తరవాత అర చెంచా డీజోన్ మస్టర్డ్ (ఫ్రెంచ్ ఆవముద్ద), మిరియాల పొడి, చివర ఆలివ్ నూనె. మూత బిగించి గట్టిగా గిలకొట్టు. మస్టర్డ్ ఉంటే నూనె, వెనిగర్ త్వరగా విడిపోవు. ఒక పాలు వెనిగర్‌కి మూడు పాళ్లు నూనె అని అందరూ చెప్పే కొలత. కీష్ పక్కకైతే నేను నూనె రెండు పాళ్లకి తగ్గిస్తాను, పులుపు కొంచెం ముందుకు రావాలని. రుచి చూసేటప్పుడు చెంచాతో కాకుండా ఆకు ముంచి చూడు. వట్టిగా నాకితే ఎప్పుడూ ఘాటుగానే అనిపిస్తుంది, ఆకుతో తింటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆకుల్లో డ్రెస్సింగ్ కలపడం మాత్రం అందరూ కూర్చున్నాకే. పది నిమిషాలు ముందు కలిపినా ఆకు వడిలిపోతుంది.

కీష్‌లో ఏం పెడుతున్నావో చెప్పలేదు. దాన్నిబట్టే రెండో వంటకం తేల్చుకోవాలి. బేకన్ (ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం) వేసిన, ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతపు రకమైతే ఉప్పూ, పొగ వాసనా ఎక్కువ కాబట్టి ఆకుల్లో కొంచెం చేదు ఉన్నవి కలుపు, అరుగులా లాంటివి. (అసలు పాతకాలపు లొరేన్ కీష్‌లో చీజే ఉండదు తెలుసా, గుడ్లు, క్రీమ్, పంది మాంసం, అంతే.) పాలకూర కీష్ అయితే పక్కన మళ్లీ పాలకూర వద్దు. టమాటాలు ముక్కలు కోసి, ఉప్పు జల్లి పావుగంట ఉంచి, ఊరిన నీళ్లు వంపేసి, తులసి జాతి బేసిల్ ఆకు తుంచి వెయ్. పుట్టగొడుగులదైతే బీన్స్, నిమ్మరసం. సాల్మన్‌ది అయితే పల్చగా తరిగిన కీరా, డిల్ ఆకు (సోయకూర), వెనిగర్. ఉల్లిపాయల కీష్ కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి దానికి నిమ్మరసం పిండిన క్యారెట్ తురుము కన్నా వెనిగర్‌లో ఊరేసిన చిన్న దోసకాయలే నయం, అవైతే ఆ తీపిని విరుస్తాయి.

బీన్స్ చేస్తే ఒక మాట. మరిగే ఉప్పునీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, వెంటనే ఐసు నీళ్లలో వేసి తీసెయ్. ఇది పొద్దున్నే చేసిపెట్టుకోవచ్చు. నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే పిండు. పులుపు తగిలి కాసేపుంటే పచ్చదనం పోయి బీన్స్ పాచి రంగుకి తిరుగుతాయి. రుచి పాడవదు గానీ బల్ల మీద పెట్టాలనిపించదు.

ఇప్పుడు నీ అసలు భయం. "రాత్రి భోజనం కదా పెద్దమ్మా, ఆకులు పెడితే కడుపు నిండుతుందా" అని రాశావు. న్యాయమైన ప్రశ్నే. పొద్దుటి పూటైతే కీష్, సలాడ్ సరిపోతాయి. రాత్రికి ఆకలితో వస్తారు, అందులో గట్టిగా తినేవాళ్లుంటే ఒక బరువైన వంటకం ఉండాల్సిందే. ఆ బరువు పిండి, క్రీమ్ నుంచి రాకపోతే చాలు. నేనైతే లెంటిల్ సలాడ్ చేస్తాను, అంటే మసూర్ జాతి పప్పు గింజలతో. ఆకుపచ్చ లెంటిల్స్ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పలుకు పోకుండా ఉడికించి, నీళ్లు వార్చేసి, వేడి మీదే అదే వెనిగర్ డ్రెస్సింగ్ కలపాలి. వేడిగా ఉన్నప్పుడైతే పులుపు లోపలికి ఇంకుతుంది. చల్లారాక సన్నగా తరిగిన ఉల్లిపాయ, పార్స్లీ ఆకు వెయ్. బంగాళదుంప లేనిదే ఊరుకోమంటే చిన్న దుంపలు తొక్కతోనే ఉడికించి ఇదే పద్ధతిలో కలుపు. చీజ్‌తో బేక్ చెయ్యడం మాత్రం ఇంకో రోజుకి దాచుకో.

సూప్ కావాలంటే క్రీమ్ లేని టమాటా సూప్ చెయ్, చిన్న కప్పుల్లో కీష్ కన్నా ముందు ఇచ్చెయ్. పెద్ద గిన్నెల్లో పోస్తే అదే భోజనం అయిపోతుంది. బ్రెడ్ గురించి ఇంక ఆలోచించకు, క్రస్ట్ ఉండగా బ్రెడ్ ఎందుకు?

ఓవెన్ సంగతి చాలామంది చివరి నిమిషం దాకా పట్టించుకోరు. కీష్‌కి 180 డిగ్రీలు కావాలి, కూరగాయలు బాగా కాలాలంటే 220. రెండూ ఒకేసారి పెడితే ఏదో ఒకటి చెడుతుంది, కూరగాయల నుంచి వచ్చే ఆవిరికి క్రస్ట్ కూడా మెత్తబడుతుంది. అదృష్టం ఏంటంటే కీష్ బయటికి తీశాక పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. వేడి మీద కోస్తే లోపలి గుడ్డు ఇంకా సరిగా బిగుసుకోక ముక్క జారిపోతుంది. ఆస్పరాగస్ కాడలు కాల్చాలనుకుంటే ఆ వ్యవధిలో ఓవెన్ వేడి పెంచి, నూనె, ఉప్పు రాసి పది పన్నెండు నిమిషాలు పెట్టు. రెండూ ఒకేసారి బల్ల మీదికి వస్తాయి. అంత హైరానా వద్దనుకుంటే పక్క వంటకాలన్నీ ఓవెన్‌తో పని లేనివే పెట్టుకో. నీ మొదటి డిన్నర్ కాబట్టి నా ఓటు దీనికే.

సలాడ్‌ని కీష్ ముక్కకి ఆనించి వడ్డించకు. డ్రెస్సింగ్ పారి అంత కష్టపడి చేసిన క్రస్ట్‌ని నానబెట్టేస్తుంది. విడిగా పెద్ద గిన్నెలో పెట్టు, ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటారు. కీష్ గోరువెచ్చగా ఉన్నా బాగుంటుంది కాబట్టి వచ్చేవాళ్లు కాస్త ఆలస్యమైనా కంగారు పడకు. రెండు గంటలు దాటాక మాత్రం మిగిలింది ఫ్రిజ్‌లోకి పోవాలి, గుడ్లూ పాలూ ఉన్నాయి కదా. మర్నాడు వేడి చేసుకునేది ఓవెన్‌లోనే, మైక్రోవేవ్‌లో క్రస్ట్ సాగుతుంది.

మొత్తానికి శనివారానికి ఆకుల సలాడ్, లెంటిల్స్, ఒక చిన్న గిన్నెలో ఊరేసిన దోసకాయలు. మూడు చాలు. ఆరుగురికి ఒక కీష్ అంటే తలా ఒక మంచి ముక్కే వస్తుంది, రెండోసారి అడుగుతారనుకుంటే ఇంకో చిన్నది చేసి పెట్టుకో. "ఏం తెమ్మంటావు" అని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా పళ్లు తెమ్మను. ద్రాక్ష, నారింజ లాంటివైతే మేలు, ఇంత వెన్న తిన్నాక కేకు ఎవరికీ ఎక్కదు.

లోపల ఏం పెడుతున్నావో రేపటిలోగా చెప్పు.

మీ పెద్దమ్మ