రోజంతా ఆటలేనా, మరి చదువెప్పుడు?

"అక్కా, మా వాడికి మూడున్నరేళ్లు. మేం ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. వాణ్ని ప్రీస్కూల్లో వేశాం. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే బట్టల నిండా రంగులు, జేబుల్లో ఇసుక. పుస్తకం లేదు, హోంవర్క్ లేదు. వాడి ఈడు బంధువుల పిల్లలు అప్పుడే అక్షరాలు రాసేస్తున్నారు. మేం తప్పు చేస్తున్నామా?"

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో వీసా తర్వాత స్థానం దీనిదే. పదహారేళ్ల కిందట నేనూ ఇదే అడిగాను. నేరుగా టీచర్నే పట్టుకుని, "ఇలా రోజంతా ఆడిస్తే ఎప్పుడు నేర్పిస్తారు?" అన్నాను. ఆవిడకు కోపం రాలేదు. "రేపు ఒక గంట ఇక్కడే కూర్చుని చూడండి" అంది.

కూర్చున్నాను. మావాడు చెక్క బ్లాకులు పేరుస్తున్నాడు. చిన్నదాని మీద పెద్దది పెట్టాడు, పడిపోయింది. మళ్లీ అలాగే పెట్టాడు, మళ్లీ పడింది. నాలుగోసారి పెద్దది అడుగున పెట్టాడు, నిలబడింది. ఈలోగా పక్కనున్న పాప వాడికి కావాల్సిన బ్లాకు లాక్కుంది. మావాడు చెయ్యెత్తాడు. టీచర్ పరిగెత్తుకు రాలేదు, బ్లాకు లాక్కుని ఇప్పించలేదు. వచ్చి వాడి ఎత్తుకు వంగి కూర్చుని, "అది నీకూ కావాలి కదా. నాకొకటి ఇవ్వు అని అడుగు" అంది. వాడు అడగలేదు. ఎత్తిన చెయ్యి దించి, అరచెయ్యి చాపాడు. ఆ పాప ఇచ్చేసింది.

ఇందులో చదువేముంది అనుకుంటూ ఇంటికొచ్చాను. అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. కొట్టబోయిన చెయ్యి ఆగింది చూశారా, ఆ వయసు పిల్లలకు అంతకంటే కష్టమైన పాఠం లేదు. అనిపించింది వెంటనే చేసెయ్యకుండా ఆగడం, తన వంతు వచ్చేదాకా ఉండటం, చెప్పిన రెండు పనులు గుర్తుపెట్టుకుని చెయ్యడం, ఇవన్నీ మెదడు ముందు భాగం చూసుకునే పనులు. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. కానీ మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఈ సామర్థ్యాలు వేగంగా పెరుగుతాయి. తర్వాత తరగతిలో కుదురుగా కూర్చుని లెక్క చెయ్యాలన్నా పనికొచ్చేది ఇదే.

అంకెల సంగతి చూడండి. మీవాడు ఇరవై దాకా గడగడా చెప్తాడు, సంతోషమే. ఒకసారి వాడి ముందు ఓ పది గుండీలు పోసి "నాలుగు ఇవ్వు" అనండి. చాలామంది మూడున్నరేళ్ల పిల్లలు గుప్పెడు తీసి చేతిలో పెడతారు. అంకెలు పాటలా అప్పజెప్పడం వేరు, చివర లెక్కపెట్టిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు. ఈ రెండోది వర్క్‌షీటు మీద రాదు. కుర్చీకి ఒకటి చొప్పున నాప్‌కిన్లు సర్దుతుంటే, ఒకటి తక్కువైతే వస్తుంది.

రాత కూడా అంతే. పెన్సిల్ పట్టుకోవాలంటే ముందు వేళ్లకు బలం రావాలి. క్లే పిసకడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, పూసలు గుచ్చడం, జిప్ లాక్కోవడం, ఇవన్నీ రాతకు ముందు మెట్లు. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆ టీచర్ మాట పూర్తిగా నమ్మలేక, రోజూ దిద్దించే వేరే చోటికి మావాణ్ని మార్చాను. నెలలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలన్నీ రాశాడు, నేను ఫోటోలు తీసి అందరికీ పంపాను. మరో నెలకి పెన్సిల్ చూస్తేనే "చెయ్యి నొప్పి" అని ఏడవడం మొదలుపెట్టాడు. మూడో నెలలో సిగ్గుపడకుండా పాత చోటికే తీసుకెళ్లాను.

ఆటలోనూ మెట్లున్నాయి. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు పిల్లలు ఆడుకునే తీరును దగ్గరగా గమనించి 1932లో రాసింది. ఒంటరిగా ఆడుకోవడం, ఇంకొకరి ఆట చూస్తూ నిలబడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, ఆ తర్వాతెప్పుడో కలిసి ఆడటం. కాబట్టి "మావాడు ఎవరితోనూ కలవట్లేదు, పక్కన కూర్చుంటున్నాడంతే" అని బెంగపెట్టుకోకండి. పక్కన కూర్చోవడం కూడా ఒక మెట్టే.

లెక్కల్లో చూపిస్తేగానీ నమ్మని మావారిలాంటి వాళ్ల కోసం ఒక సంగతి. అమెరికాలోని మిషిగన్‌లో, ఇప్సిలాంటీ అనే ఊళ్లో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మొదలైంది. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును మాత్రమే ప్రీస్కూల్లో చేర్చారు. నలభై ఏళ్లు వచ్చేదాకా వాళ్లను గమనిస్తూ వచ్చారు. మొదట్లో పెరిగిన ఐక్యూ తేడా కొన్నేళ్లకే కరిగిపోయింది. అయినా ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, పెద్దయ్యాక సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అది చిన్న గుంపు, ఎంతో కష్టమైన పరిస్థితుల్లోంచి వచ్చిన పిల్లలు, కాబట్టి మీ ఇంటికి ఉన్నదున్నట్టు అతికించుకోకండి. మార్కుల్లో కనబడనిదేదో అక్కడ పిల్లలకు అందిందని మాత్రం నాకనిపిస్తుంది.

ఇక మనలాంటి వాళ్లకే ఉండే టెన్షన్, భాష. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న పిల్లల్లో కొందరు ప్రీస్కూల్లో కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు విప్పరు. మావాడు అలాగే ఉన్నాడు. నేను హడావిడిపడి ఇంట్లో కూడా ఇంగ్లిష్ మొదలుపెట్టాను. నా ఇంగ్లిష్ ఆఫీసు మెయిళ్లకు సరిపోతుందేమో గానీ, జ్వరం వచ్చిన పిల్లాణ్ని ఊరడించడానికి సరిపోదు. నా మాటలు పొట్టివైపోయాయి, కథలు ఆగిపోయాయి. ఇంట్లో వాగుడుకాయలా ఉండే మావాడు కూడా మాటలు తగ్గించేశాడు. టీచరే చెప్పింది, "మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, ఇక్కడిది మేం చూసుకుంటాం" అని. మళ్లీ తెలుగులోకి వచ్చాం. స్కూల్లో వాడు అప్పటికే అన్నీ అర్థం చేసుకుంటున్నాడు, పాటలకు పెదవులు కదుపుతున్నాడు. మాట తర్వాత దానంతటదే వచ్చింది.

తెలుగులో కథలు చెప్పండి, ఎందుకు, ఎలా అని అడగండి, వాడు చెప్పేది చివరిదాకా వినండి. ఒక భాషలో తెలిసిన విషయానికి ఇంకో భాషలో పేరు నేర్చుకోవడం తేలిక. మాటలో మొదటి శబ్దం పట్టుకునే ఆట ఆడండి: "క" తో వచ్చేవి చెప్పు, "మ" తో వచ్చేవి చెప్పు. శబ్దాలను విడదీసి వినడం వస్తే, రేపు ఏ లిపి చదవడానికైనా పనికొస్తుంది.

వాడు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ స్కూల్లో మాత్రం మౌనంగా ఉంటే కొంతకాలం ఓపిక పట్టొచ్చు. ఇంట్లో కూడా మాటలు చాలా తక్కువగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా, వేలుపెట్టి చూపించకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆగకండి. "రెండు భాషల వల్లే" అని ఎవరన్నా సర్దిచెప్పినా వినకండి. డాక్టరుకి చూపించి, ముందు చెవులు పరీక్ష చేయించండి.

పొద్దున దించేటప్పుడు చెప్పకుండా జారుకోకండి. ఏడ్చినా సరే, "నిద్రలేచాక వస్తాను" అని చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకే తిరిగి రండి. సాయంత్రం "ఏం నేర్పారు?" అనడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. "ఎవరి పక్కన కూర్చున్నావు? ఏది కట్టావు, ఏది పడిపోయింది?" అని అడిగి చూడండి.

రేపే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీవాడు ఇంట్లో వాడే అవసరం మాటలు ఓ ఆరు కాగితం మీద రాసి టీచర్‌కివ్వండి: నీళ్లు, ఆకలి, నొప్పి, ఒంటికి, భయం, అమ్మ కావాలి. ఎలా పలకాలో వాళ్ల లిపిలో, పక్కన అర్థం. మావాడి టీచర్ ఆ కాగితాన్ని తలుపు పక్కన అంటించుకుంది. "నీల్లూ?" అని ఆవిడ మొదటిసారి అడిగినప్పుడు వాడు పడీపడీ నవ్వాడట.