రైఫిల్ సందేహాలు: పాత బ్యారెల్, సీసం బుల్లెట్

ప్రశ్న: నమస్కారం సార్. మా తాతగారి బ్ర్నో మోడల్ 2, .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఈమధ్యే నా లైసెన్సు మీదికి వచ్చింది. స్కోప్ పెట్టించి క్లబ్బు రేంజ్‌లో 50 మీటర్లలో కాలుస్తున్నాను. ఒకరోజు బుల్లెట్లన్నీ ఒకేచోట పడతాయి, మరోరోజు అరచెయ్యంత మేర చెదిరిపోతాయి. టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్య పాత మిలిటరీ మౌజర్‌కు స్కోప్ బిగించి, ఇంట్లో పోత పోసుకున్న సీసం బుల్లెట్లు కాలుస్తాడు. నన్నూ పోసుకోమంటున్నాడు. పోసుకోవచ్చా? లేక స్కోప్ మార్చాలా?
– ఓ పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: పోసుకోకూడదు బాబూ. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్సు కావాలి. రైఫిల్ ఉంచుకునే లైసెన్సు దానికి పనికిరాదు. తయారుచేసే సామగ్రిని కూడా ఆ చట్టం మందుగుండు కిందే లెక్కేస్తుంది. అమెరికాలో సొంత వాడకానికి చేసుకోవచ్చు, ఇక్కడ కుదరదు. పైగా .22 తూటాకు పేలుడు మసాలా అంచులోపలే ఉంటుంది. ఒకసారి కాలిస్తే ఆ అంచు నొక్కుకుపోతుంది, ఖాళీ తూటా మళ్లీ నింపడానికి పనికిరాదు.

అసలు మీరు కాలుస్తున్నదీ సీసమే. మామూలు .22 బుల్లెట్ 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాముల మెత్తటి సీసం, పైన మైనం పూత. అందుకే మీ అన్నయ్య పడే పాట్లు మీకూ పనికొస్తాయి. ఆయన బ్యారెల్ లోపలి కొలత తీసి, బుల్లెట్‌ను దానికంటే అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో లావుగా ఉంచాలి. సన్నగా ఉంటే వేడి గ్యాస్ పక్కలనుంచి దూసుకుపోయి సీసాన్ని కోస్తుంది, అది బ్యారెల్ లోపలి గాడుల్లో అతుక్కుంటుంది. సైన్యం వాడి పడేసిన బ్యారెళ్లు ఒక్కొక్కటి ఒక్కోలా అరిగి ఉంటాయి కాబట్టి పుస్తకంలో కొలత నమ్మి పోత పోస్తే లాభం లేదు. సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరచాలి, అడుగున చిన్న రాగి టోపీ తొడగాలి. రాగి తొడుగున్న బుల్లెట్ సెకనుకు 2,400 అడుగులు దాటే రైఫిల్‌లో దీన్ని 1,800 లోపే ఉంచడం మంచిది. వేగం తగ్గింది కాబట్టి బుల్లెట్ త్వరగా కిందికి దిగుతుంది, స్కోప్ మళ్లీ సరిచేసుకోవాలి. అంతకుముందు కాల్చిన రాగి మరకలు బ్యారెల్‌లో మిగిలితే సీసం వాటినే పట్టుకుంటుంది. ఇంత ఓపిక ఉన్నవాళ్లకు పాత మౌజర్ ఎంతో చక్కగా కాలుస్తుంది. నాకు ఆ పని అంటే గౌరవం.

ఇక మీ రైఫిల్. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఒకటే: గురి చెదిరితే అందరి చెయ్యీ ముందు స్కోప్ మీదికే పోతుంది. మీరు ముందు కర్రకూ ఇనుముకూ మధ్య స్క్రూలు చూడండి. పాత కర్ర ఎండకు ఎండి, వానకు ఉబ్బి, అవి వదులవుతాయి. తర్వాత స్కోప్ రింగులు. బ్ర్నో మీద 11 మిల్లీమీటర్ల గాడికి రింగులు బిగిస్తారు. రింగుకూ గాడికీ కలిపి పెన్సిల్‌తో గీత గీసి కాల్చండి, గీత జరిగితే దొంగ దొరికినట్టే.

ఆ రెండూ బాగుంటే రైఫిల్‌ను ఖాళీ చేసి ఇసుక సంచి మీద పెట్టి, ముట్టుకోకుండా స్కోప్‌లో చూస్తూ తల అటూఇటూ కదపండి. క్రాస్ గీత టార్గెట్ మీద జరిగితే అది పారలాక్స్. పెద్ద రైఫిళ్ల స్కోపులు మామూలుగా 100 గజాలకు సరిచేసి వస్తాయి, .22 వాటివి 50 దగ్గరికి. పారలాక్స్ ఉంటే చెంప ఆనించే చోటు మారినప్పుడల్లా గురి మారుతుంది. అప్పుడు మాత్రం స్కోప్ మార్చే ఆలోచన చెయ్యండి. స్కోప్ మరను ఒక్క క్లిక్ తిప్పితే గురి కోణంలో పావు నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) జరుగుతుంది, అంటే 50 మీటర్లలో మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ దూరపు పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, కాబట్టి ఊరికే తిప్పకండి.

నా అనుమానం మాత్రం తూటాల మీద. దొరికిన బ్రాండ్ దొరికినట్టు కలిపి కాలుస్తున్నారా? ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం. బ్రాండ్ మార్చాక కొన్ని తూటాలు పోతేగానీ బ్యారెల్ కుదురుకోదు. సెకనుకు 1,050 అడుగుల చుట్టూ ఉండే స్టాండర్డ్ వేగం తూటాలు ఒకే రకం ఒక డబ్బా తెచ్చుకుని, వాటితోనే ఉండండి. ప్రతిసారీ అద్దంలా తోమొద్దు. తోమేటప్పుడు బోల్ట్ తీసేసి రాడ్డు వెనకనుంచే పెట్టండి. ముందునుంచి తోస్తే బ్యారెల్ మూతి అంచు అరుగుతుంది, ఆ అంచు పోతే ఏ స్కోపూ కాపాడలేదు.

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పెల్లెట్లు సీసమట కదా, టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, పెరంబూర్, చెన్నై

జవాబు: భయపడి మాన్పించకండమ్మా, జాగ్రత్తలు నేర్పండి. పెల్లెట్ నోట్లో పెట్టుకోకూడదు. రేంజ్‌లో తినకూడదు, సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ డబ్బా తెరవాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి. టార్గెట్ వెనక పడిన సీసం పొడిని పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తియ్యమని కోచ్‌గారిని అడగండి. చిన్నపిల్లలకు సీసం మరీ చెడ్డది, కాబట్టి ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే పెల్లెట్ డబ్బా వాళ్లకు అందకుండా పెట్టండి.